జావా అప్లికేషన్ సర్వర్‌లో డేటాబేస్ కనెక్షన్ సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

డేటాబేస్ కనెక్షన్ దొరక్కపోతే అప్లికేషన్ మొత్తం నిలిచిపోతుంది. ఆ టెన్షన్‌లో అందరూ ముందు సర్వర్‌ని రీస్టార్ట్ చేస్తారు. అప్పటికి పని గడుస్తుంది గానీ, అసలు కారణం చెప్పగలిగే ఆధారాలు కూడా దాంతోపాటే పోతాయి. రెండు వారాలకు అదే సమస్య మళ్ళీ వస్తుంది, అవే ప్రశ్నలు మళ్ళీ వస్తాయి. అందుకే వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. సమస్య ఏ దశలో ఎదురైందో దాన్నిబట్టి ప్రశ్నలను విడదీశాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. డేటాసోర్స్ అంటే డేటాబేస్ చిరునామా, యూజర్, పాస్‌వర్డ్ ఉండే సర్వర్ సెట్టింగ్; పూల్ అంటే తెరిచి ఉంచి మళ్ళీ మళ్ళీ వాడుకునే కనెక్షన్ల గుంపు. వైల్డ్‌ఫ్లై, గ్లాస్‌ఫిష్, పయారా, వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్ అన్నవి జావా అప్లికేషన్ సర్వర్లు.

## డేటాసోర్స్ మొదటిసారి పెట్టుకునేటప్పుడు

లాగ్‌లో పేజీల కొద్దీ ఎర్రర్ వచ్చింది. ఎక్కడి నుంచి చదవాలి?

కింది నుంచి. జావా ఎక్సెప్షన్‌లో చిట్టచివరి ‘కాజ్డ్ బై’ లైనే అసలు కారణం చెబుతుంది. పైన కనిపించేవన్నీ దాన్ని ఒక్కో పొరా తనకు తోచిన మాటల్లో తిరిగి చెప్పినవే. ఉదాహరణకు వైల్డ్‌ఫ్లైలో పైన ‘ఐజే000453: అనేబుల్ టు గెట్ మేనేజ్డ్ కనెక్షన్’ అని ఉంటుంది. పాస్‌వర్డ్ తప్పయినా, పోర్ట్ మూసి ఉన్నా, పూల్ నిండిపోయినా అదే లైన్ వస్తుంది. దాన్ని పట్టుకుని వెతికితే ఎన్ని జవాబులైనా దొరుకుతాయి, మీకు పనికొచ్చేది వాటిలో ఏదో తెలియదు. చివరి ‘కాజ్డ్ బై’లో డేటాబేస్ ఇచ్చిన సొంత ఎర్రర్ నంబర్ ఉంటే, వెతకాల్సింది దాన్ని.

డ్రైవర్ జార్ (డేటాబేస్‌తో మాట్లాడే జావా కోడ్ ఉన్న ఫైల్) పెట్టాను. అయినా ‘నో సూటబుల్ డ్రైవర్’ అంటోంది, ఎందుకు?

ఈ మెసేజ్ రెండు సందర్భాల్లో వస్తుంది. ఒకటి, డ్రైవర్ అసలు లోడ్ కాలేదు. రెండోది, డ్రైవర్ లోడ్ అయింది గానీ మీరిచ్చిన యూఆర్‌ఎల్‌ని తనదిగా గుర్తుపట్టలేదు. చాలామంది మొదటిదే అనుకుని జార్‌ను ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు మారుస్తూ కూర్చుంటారు. ముందు యూఆర్‌ఎల్ చూడండి. ‘జేడీబీసీ:పోస్ట్‌గ్రెస్క్యూఎల్:’ అని ఉండాల్సిన చోట ‘జేడీబీసీ:పోస్ట్‌గ్రెస్:’ అని రాసినా, కోలన్ ఒకటి తప్పిపోయినా, మొదట్లో ఖాళీ స్పేస్ పడినా ఇదే ఎర్రర్ వస్తుంది. క్లాస్ దొరకలేదని విడిగా చెబితే మాత్రం సమస్య జార్‌దే.

డ్రైవర్ జార్ వార్ ఫైల్ (అప్లికేషన్ ప్యాకేజీ) లోపల ఉండాలా, సర్వర్‌లో ఉండాలా?

డేటాసోర్స్‌ని సర్వర్ నడుపుతుంటే జార్ సర్వర్ దగ్గరే ఉండాలి: వైల్డ్‌ఫ్లైలో మాడ్యూల్‌గా, గ్లాస్‌ఫిష్, పయారాల్లో డొమైన్ లైబ్రరీ ఫోల్డర్‌లో. రెండు చోట్లా పెట్టకండి. అప్పుడు ఒకే క్లాస్ రెండు క్లాస్‌లోడర్ల (క్లాస్‌లను మెమరీలోకి తెచ్చే భాగాల) నుంచి వస్తుంది. కనెక్షన్‌ని డ్రైవర్ సొంత టైప్‌కి మార్చుకునే కోడ్ ఉంటే, పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయినా ‘క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్’ పడుతుంది.

‘నేమ్ నాట్ ఫౌండ్ ఎక్సెప్షన్’ వస్తోంది. పేరు సరిగ్గానే ఉంది కదా?

పేరు చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది, అది వెతికే చోటు వేరుగా ఉంటుంది. ‘జావా:కాంప్/ఎన్వ్/’తో మొదలయ్యేది మీ అప్లికేషన్ వరకే చెల్లే పేరు. దాన్ని సర్వర్‌లోని అసలు పేరుకు కలిపే లంకె, అంటే డిప్లాయ్‌మెంట్ డిస్క్రిప్టర్‌లో రిసోర్స్ రెఫరెన్స్, ఉండాలి. అది లేకుండా కన్సోల్‌లో పెట్టిన పేరునే దాని వెనక తగిలిస్తే దొరకదు. వైల్డ్‌ఫ్లైలో డేటాసోర్స్ పేరు ‘జావా:/’తో గానీ ‘జావా:జేబాస్/’తో గానీ మొదలవ్వాలి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

వెబ్‌లాజిక్‌లో అయితే ముందు టార్గెట్స్ చూడండి. డేటాసోర్స్ సృష్టించి, దాన్ని ఏ సర్వర్‌కో క్లస్టర్‌కో కేటాయించకపోతే కన్సోల్‌లో కనిపిస్తుంది గానీ అప్లికేషన్‌కు దొరకదు.

కన్సోల్‌లో ‘టెస్ట్ కనెక్షన్’ పాస్ అయింది, అప్లికేషన్ మాత్రం ఫెయిల్ అవుతోంది. ఇదెలా?

ఆ టెస్ట్ ఏ జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ని నడిపే ప్రాసెస్) నుంచి నడిచిందో చూడాలి. ట్రెడిషనల్ వెబ్‌స్ఫియర్‌లో సెల్ (కలిపి నిర్వహించే సర్వర్ల సమూహం) స్థాయిలో పెట్టిన డేటాసోర్స్‌ని టెస్ట్ చేస్తే అది ఆ సర్వర్లను నిర్వహించే డిప్లాయ్‌మెంట్ మేనేజర్ నుంచి నడుస్తుంది. మీ అప్లికేషన్ నడిచేది వేరే మెషిన్ మీద. అక్కడ డ్రైవర్ జార్ లేకపోవచ్చు, ఫైర్‌వాల్ తెరిచి ఉండకపోవచ్చు. వైల్డ్‌ఫ్లైలో కమాండ్ లైన్ నుంచి ‘టెస్ట్ కనెక్షన్ ఇన్ పూల్’, పయారాలో ‘పింగ్ కనెక్షన్ పూల్’ ఉన్నాయి. ఏది వాడినా అప్లికేషన్ నడిచే సర్వర్ మీదే నడిపించి చూడండి.

## సర్వర్ లేచింది, డేటాబేస్ దగ్గరికి చేరడం లేదు

‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’, ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ రెండూ ఒకటేనా?

కాదు, ఈ తేడా తెలిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది. రిఫ్యూజ్డ్ అంటే సాధారణంగా అవతలి మెషిన్ దాకా వెళ్ళారు, ఆ పోర్ట్ మీద వినేవాళ్ళు లేరు. డేటాబేస్ ఆగిపోయి ఉండొచ్చు, పోర్ట్ నంబర్ తప్పయి ఉండొచ్చు, లేదా డేటాబేస్ తన సొంత మెషిన్ నుంచి వచ్చే కనెక్షన్లే వినేలా సెట్ అయి ఉండొచ్చు. టైమ్డ్ అవుట్ అంటే పంపినదానికి బదులే రాలేదు. అక్కడ ఎక్కువగా దోషి ఫైర్‌వాల్ లేదా రూటింగ్. మొదటిదానికి డీబీఏని (డేటాబేస్ నిర్వాహకుణ్ణి), రెండోదానికి నెట్‌వర్క్ టీమ్‌ని అడగాలి. మామూలు పోర్ట్‌లు: ఒరాకిల్ 1521, పోస్ట్‌గ్రెస్ 5432, మైఎస్‌క్యూఎల్ 3306, ఎస్‌క్యూఎల్ సర్వర్ 1433.

నా లాప్‌టాప్ నుంచి కనెక్ట్ అవుతోంది, సర్వర్ నుంచి అవ్వట్లేదు. ఎందుకు?

లాప్‌టాప్ నుంచి పనిచేయడం వల్ల తెలిసేది డేటాబేస్ బతికే ఉందని, అంతే. నెట్‌వర్క్ దారి వేరు, డీఎన్‌ఎస్ వేరు, డేటాబేస్‌కు కనిపించే ఐపీ వేరు. సర్వర్ మెషిన్‌లోకే లాగిన్ అయి అక్కడి నుంచి ఆ హోస్ట్ పేరు, ఆ పోర్ట్ తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. అప్లికేషన్ కంటెయినర్‌లో నడుస్తుంటే కంటెయినర్ లోపలి నుంచి చూడాలి. యూఆర్‌ఎల్‌లో ‘లోకల్‌హోస్ట్’ అని ఉంటే అక్కడ దానర్థం ఆ కంటెయినరే, బయటి మెషిన్ కాదు.

ఒరాకిల్‌లో ‘ఓరా-12505’, ‘ఓరా-12514’ వస్తున్నాయి. తేడా ఏంటి?

రెంటిలోనూ లిజనర్ (ఒరాకిల్‌కు వచ్చే కనెక్షన్లు అందుకునే ప్రోగ్రామ్) దాకా చేరారు. 12505 అంటే మీరు చెప్పిన ఎస్ఐడీ (డేటాబేస్ ఇన్‌స్టన్స్ పేరు) లిజనర్‌కు తెలియదు, 12514 అంటే మీరు చెప్పిన సర్వీస్ పేరు తెలియదు. ఎక్కువసార్లు జరిగేది ఏమిటంటే, సర్వీస్ పేరును ఎస్ఐడీ రాసే పద్ధతిలో రాస్తారు. పోర్ట్ తర్వాత కోలన్ పెడితే ఎస్ఐడీ అని అర్థం. హోస్ట్ ముందు రెండు స్లాష్‌లు, పోర్ట్ తర్వాత ఒక స్లాష్ పెడితే సర్వీస్ పేరు. ప్లగబుల్ డేటాబేస్‌లకు సర్వీస్ పేరే వాడాలి.

## చేరింది, లోపలికి రానివ్వట్లేదు

పాస్‌వర్డ్ మార్చాం. కాసేపటికే అకౌంట్ లాక్ అయిపోయింది, ఎవరు చేశారు?

చాలావరకు మీ పూలే. డేటాబేస్‌లో పాస్‌వర్డ్ మారింది, సర్వర్ కాన్ఫిగరేషన్‌లో పాతదే ఉంది. పూల్ కొత్త కనెక్షన్ తెరవబోయిన ప్రతిసారీ పాత పాస్‌వర్డ్‌తో ప్రయత్నిస్తుంది. ఒరాకిల్ డిఫాల్ట్ ప్రొఫైల్‌లో తప్పు లాగిన్ల పరిమితి 10. క్లస్టర్ మొత్తం కలిసి ప్రయత్నిస్తే అది దాటడానికి ఎంతోసేపు పట్టదు, వెంటనే ‘ఓరా-28000’ వస్తుంది. డీబీఏ అన్‌లాక్ చేసినా పూల్ మళ్ళీ లాక్ చేస్తుంది. కాబట్టి వరుస ముఖ్యం: ముందు డేటాసోర్స్‌ని ఆపండి, పాస్‌వర్డ్ మార్చండి, కాన్ఫిగరేషన్ సరిచేయండి, అన్‌లాక్ చేయించండి, అప్పుడు తిరిగి మొదలుపెట్టండి. అదే యూజర్‌తో నడిచే బ్యాచ్ జాబ్‌లు ఇంకేమైనా ఉన్నాయేమో కూడా అడిగి తెలుసుకోండి.

పోస్ట్‌గ్రెస్ ‘నో పీజీ హెచ్‌బీఏ ఎంట్రీ’ అంటోంది. పాస్‌వర్డ్ తప్పా?

కాదు. పాస్‌వర్డ్ దాకా వ్యవహారం పోలేదు. ఆ ఐపీ నుంచి, ఆ యూజర్‌తో, ఆ డేటాబేస్‌కు రావచ్చని చెప్పే నియమం సర్వర్ వైపు లేదు. ఏ ఐపీ, ఏ యూజర్, ఎన్‌క్రిప్షన్ ఉందా లేదా అన్నవి ఆ మెసేజ్‌లోనే ఉంటాయి. మొత్తం లైన్ కాపీ చేసి డీబీఏకి పంపండి, సగం లైన్ పంపితే మళ్ళీ అడగాల్సి వస్తుంది.

మైఎస్‌క్యూఎల్‌లో ‘పబ్లిక్ కీ రిట్రీవల్ ఈజ్ నాట్ అలౌడ్’ అంటే ఏం చేయాలి?

8.0 నుంచి మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ ఆథెంటికేషన్ పద్ధతి మారింది. ఎన్‌క్రిప్షన్ లేని కనెక్షన్ మీద పాస్‌వర్డ్ పంపాలంటే సర్వర్ పబ్లిక్ కీ కావాలి. అడిగి తెచ్చుకోవడానికి డ్రైవర్‌కు అనుమతి లేదు. ఆ అనుమతి ఇచ్చే ప్రాపర్టీని యూఆర్‌ఎల్‌లో పెడితే ఎర్రర్ పోతుంది, ఎక్కువమంది అదే చేస్తారు. ప్రొడక్షన్‌లో మాత్రం కనెక్షన్‌కు టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్) పెట్టుకోవడమే సరైన పని.

## లోడ్ పెరిగాక

‘నో మేనేజ్డ్ కనెక్షన్స్ అవైలబుల్’ వస్తోంది. పూల్ సైజ్ పెంచేయమంటారా?

ఇప్పుడే వద్దు. ఈ ఎర్రర్ చెప్పేది ఒక్కటే: పూల్‌లోని కనెక్షన్లన్నీ ఎవరి చేతుల్లోనో ఉన్నాయి, ఎదురుచూసే గడువు దాటిపోయింది. వైల్డ్‌ఫ్లైలో ‘ఐజే000655’గా 30,000 మిల్లీసెకన్ల గడువుతో, వెబ్‌స్ఫియర్‌లో ‘జే2సీఏ0045ఈ’గా, వెబ్‌లాజిక్‌లో ‘రిసోర్స్ లిమిట్ ఎక్సెప్షన్’గా వచ్చేది ఇదే. ఎవరి చేతుల్లో ఉన్నాయో తెలియకుండా సైజ్ పెంచితే, అవి కూడా వాళ్ళ చేతుల్లోకే పోతాయి.

సమస్య నడుస్తుండగానే, రీస్టార్ట్ కంటే ముందు, రెండు పనులు చేయండి. పది సెకన్ల తేడాతో మూడు థ్రెడ్ డంప్‌లు (ఆ క్షణాన ఏ థ్రెడ్ ఏం చేస్తోందో చూపే జాబితాలు) తీయండి. అదే సమయంలో డేటాబేస్ వైపు మీ యూజర్ సెషన్లు ఏం చేస్తున్నాయో చూడండి. పోస్ట్‌గ్రెస్‌లో ‘పీజీ స్టాట్ యాక్టివిటీ’, ఒరాకిల్‌లో ‘వీ డాలర్ సెషన్’, మైఎస్‌క్యూఎల్‌లో ‘షో ప్రాసెస్‌లిస్ట్’ ఇందుకే ఉన్నాయి. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే కారణం దాదాపుగా బయటపడుతుంది:

సెషన్లన్నీ క్వెరీలు నడుపుతూ బిజీగా ఉంటే సమస్య క్వెరీలది, లేదా వాటిని ఆపుతున్న లాక్‌ది. సెషన్లు ఖాళీగా ఉన్నాయి, పూల్ మాత్రం నిండిపోయింది, ఏ థ్రెడ్డూ డేటాబేస్ పని చేయట్లేదు అంటే లీక్, అంటే తీసుకున్న కనెక్షన్లను మూయకుండా వదిలేశారు. పోస్ట్‌గ్రెస్‌లో ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అని కనిపిస్తే, ట్రాన్సాక్షన్ తెరిచి మధ్యలో వేరే పని, ఎక్కువగా ఏదో బయటి సర్వీస్‌ని పిలవడం, పెట్టుకున్నారు. అవతలి సర్వీస్ నెమ్మదిస్తే మీ పూల్‌లో ఇవ్వడానికి కనెక్షన్లు లేకుండా పోయేది ఇలాగే. ఆ పిలుపును ట్రాన్సాక్షన్ బయటికి తీసుకురావాలి.

కనెక్షన్ లీక్ ఏ కోడ్‌లో ఉందో ఎలా పట్టుకోవాలి?

సర్వర్‌నే అడగొచ్చు. వైల్డ్‌ఫ్లైలో క్యాష్డ్ కనెక్షన్ మేనేజర్‌కు డీబగ్ ఆన్ చేస్తే, మూయకుండా వదిలేసిన కనెక్షన్‌ని తనే మూసి, దాన్ని ఎక్కడ తీసుకున్నారో స్టాక్ ట్రేస్‌తో సహా ‘ఐజే000100’ అని లాగ్‌లో రాస్తుంది. గ్లాస్‌ఫిష్, పయారాల్లో కనెక్షన్ లీక్ టైమ్‌అవుట్, వెబ్‌లాజిక్‌లో కనెక్షన్ లీక్ ప్రొఫైల్ ఉన్నాయి. వీటివల్ల సర్వర్ కొంచెం నెమ్మదిస్తుంది కాబట్టి దొరికాక ఆపేయండి.

దొరికే కోడ్ సాధారణంగా ఇలా ఉంటుంది: మెథడ్ మొదట్లో కనెక్షన్ తీసుకుంటారు, చివరి లైన్‌లో మూస్తారు, మధ్యలో ‘రికార్డ్ లేకపోతే వెనక్కి వెళ్ళు’ అని ఒక ‘రిటర్న్’ ఉంటుంది. రికార్డ్ ఉన్నంతకాలం అంతా సవ్యం. లేని ప్రతిసారీ ఒక కనెక్షన్ పోతుంది. అందుకే టెస్టింగ్‌లో బయటపడదు, ప్రొడక్షన్‌లో రోజుల తరబడి మెల్లగా కారుతుంది. 2011లో వచ్చిన జావా 7 నుంచి ‘ట్రై విత్ రిసోర్సెస్’ ఉంది. కనెక్షన్, స్టేట్‌మెంట్, రిజల్ట్ సెట్ మూడూ అందులోనే తెరవండి. ‘రిజల్ట్ సెట్ మూశాం కదా’ అనే మాట తరచూ వినిపిస్తుంది, దాన్ని మూస్తే కనెక్షన్ మూతపడదు.

లీక్ లేదు, క్వెరీలు వేగంగానే ఉన్నాయి. అయినా లోడ్‌లో మొత్తం బిగుసుకుపోతోంది?

ఒకే థ్రెడ్ రెండు కనెక్షన్లు అడుగుతోందేమో చూడండి. ఒక ట్రాన్సాక్షన్ నడుస్తుండగా ఆడిట్ లాగ్ రాయడానికో నంబర్ తెచ్చుకోవడానికో ‘రిక్వైర్స్ న్యూ’ (కొత్త ట్రాన్సాక్షన్ తెరవమనే సెట్టింగ్) ఉన్న మెథడ్‌ని పిలిస్తే, మొదటి కనెక్షన్ పట్టుకునే రెండోది అడుగుతారు. పూల్‌లో 20 ఉన్నాయనుకోండి. 20 థ్రెడ్లు ఒకేసారి వచ్చి తలా ఒకటి తీసుకుంటే, రెండోదాని కోసం అందరూ ఎదురుచూస్తారు, ఎవరూ వదలరు. థ్రెడ్ డంప్‌లో అందరూ కనెక్షన్ కోసమే ఆగి ఉంటారు, డేటాబేస్ తీరిగ్గా ఉంటుంది. ఇది కోడ్‌లోనే మార్చుకోవాల్సిన విషయం. కుదరకపోతే ఆ పనికి వేరే పూల్ పెట్టుకోవాలి.

అసలు పూల్ సైజ్ ఎంత పెట్టాలి?

డిఫాల్ట్‌లు సర్వర్‌కో రకంగా ఉంటాయి: ట్రెడిషనల్ వెబ్‌స్ఫియర్‌లో 10, వెబ్‌లాజిక్‌లో 15, వైల్డ్‌ఫ్లైలో 20, గ్లాస్‌ఫిష్‌లో 32. మీకెంత కావాలో ఒక చిన్న గుణకారం చెబుతుంది. సెకనుకు 200 రిక్వెస్టులు, ఒక్కోటి కనెక్షన్‌ని 50 మిల్లీసెకన్లు పట్టుకుంటుంది అంటే, సగటున వాడకంలో ఉండేవి 10. ఒక్కసారిగా పెరిగే లోడ్‌కు రెండింతలు పెట్టుకున్నా 20 చాలు. లెక్కలో 200 వచ్చిందంటే పెంచాల్సింది పూల్ కాదు, తగ్గించాల్సింది ఆ పట్టుకునే సమయం.

డేటాబేసే ‘టూ మెనీ క్లయింట్స్’ అని తిప్పి పంపుతోంది. పూల్ చిన్నదే కదా?

పూల్‌ని సర్వర్ల సంఖ్యతో గుణించారా? నాలుగు నోడ్‌లు, ఒక్కోదానికి 30 అంటే 120. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పరిమితి 100, మైఎస్‌క్యూఎల్‌ది 151. రోలింగ్ డిప్లాయ్‌మెంట్ (సర్వర్లను ఒక్కొక్కటిగా కొత్త వెర్షన్‌కు మార్చడం) సమయంలో పాతవీ కొత్తవీ కలిసి నడుస్తాయి కాబట్టి ఆ కాసేపు లెక్క ఇంకా పెరుగుతుంది.

## బాగా నడుస్తూ మధ్యలో తెగితే

రాత్రంతా ఖాళీగా ఉన్నాక పొద్దున మొదటి యూజర్‌కే ఎర్రర్ వస్తోంది, రెండోసారి పనిచేస్తోంది. ఎందుకు?

పూల్‌లో ఉన్న కనెక్షన్ అవతలివైపు ఎప్పుడో చనిపోయింది, పూల్‌కి ఆ సంగతి తెలియదు. మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్‌గా 28,800 సెకన్లు, అంటే 8 గంటలు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని తెంచేస్తుంది. ‘కమ్యూనికేషన్స్ లింక్ ఫెయిల్యూర్’ మెసేజ్‌లో చివరి ప్యాకెట్ ఎన్ని మిల్లీసెకన్ల కిందట వచ్చిందో కూడా రాస్తుంది, ఆ అంకె చూడండి.

దీనికి రెండు పనులు చేయాలి. కనెక్షన్ ఇచ్చే ముందు అది బతికుందో లేదో చూసే వాలిడేషన్ ఆన్ చేయండి. పూల్ ఐడిల్ టైమ్‌అవుట్‌ని డేటాబేస్, ఫైర్‌వాల్ గడువుల కంటే తక్కువగా పెట్టండి. వాలిడేషన్ వల్ల నెమ్మదిస్తుందని భయపడేవాళ్ళున్నారు. వెబ్‌లాజిక్ 10 సెకన్లలోపు వాడిన కనెక్షన్‌ని డిఫాల్ట్‌గా మళ్ళీ పరీక్షించదు. వైల్డ్‌ఫ్లైలో బ్యాక్‌గ్రౌండ్ వాలిడేషన్ వాడుకోవచ్చు. యూజర్‌కు ఎర్రర్ పేజీ చూపించడం కంటే ఈ ఖర్చు ఎప్పుడూ తక్కువే.

ఎర్రర్ కూడా రాకుండా రిక్వెస్ట్ పావుగంట వేలాడుతోంది. ఏం జరుగుతోంది?

మధ్యలోని ఫైర్‌వాల్ ఆ కనెక్షన్‌ని మరిచిపోయి, ఎవరికీ చెప్పకుండా ప్యాకెట్లు పారేస్తున్నప్పుడు ఇలా జరుగుతుంది. లినక్స్ డిఫాల్ట్ సెట్టింగ్‌లతో జవాబు రాని డేటాను మళ్ళీ మళ్ళీ పంపుతూ, దాదాపు 15 నిమిషాల తర్వాతే చేతులెత్తేస్తుంది. టీసీపీ కీప్‌అలైవ్ ఆన్ చేసినా మొదటి పలకరింపు 7,200 సెకన్ల తర్వాతే, ఫైర్‌వాల్ అంతసేపు ఆగకపోవచ్చు. ఆ విలువ తగ్గించండి, డ్రైవర్‌లో సాకెట్ టైమ్‌అవుట్ (జవాబు కోసం ఆగే గడువు) పెట్టండి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ డ్రైవర్లలో అది డిఫాల్ట్‌గా సున్నా, అంటే హద్దే లేదు.

పెట్టేటప్పుడు యూనిట్ జాగ్రత్త. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్‌కు సెకన్లలో చెప్పాలి, మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ డ్రైవర్లకు మిల్లీసెకన్లలో. 30,000 అని పోస్ట్‌గ్రెస్‌కు రాస్తే అది 8 గంటల 20 నిమిషాలు. 30 అని మైఎస్‌క్యూఎల్‌కు రాస్తే మామూలు క్వెరీలు కూడా తెగిపోతాయి. మీ అతి పొడవైన రిపోర్ట్ క్వెరీ కంటే ఈ విలువ ఎక్కువ ఉండాలన్నది కూడా మరవద్దు.

డేటాబేస్ రీస్టార్ట్ అయింది. అప్లికేషన్ సర్వర్‌ని కూడా రీస్టార్ట్ చేయాలా?

అక్కర్లేదు. పూల్‌ని ఫ్లష్ చేస్తే, అంటే అందులోని పాత కనెక్షన్లు పారేస్తే చాలు. వైల్డ్‌ఫ్లై, పయారాల్లో దానికి కమాండ్‌లు ఉన్నాయి, వెబ్‌లాజిక్‌లో డేటాసోర్స్‌ని రీసెట్ చేయొచ్చు. వాలిడేషన్ సరిగ్గా పెట్టి ఉంటే అదీ అవసరం లేదు.

## ఎక్స్‌ఏ ట్రాన్సాక్షన్లు, అప్‌గ్రేడ్‌లు

‘మల్టిపుల్ లాస్ట్ రిసోర్సెస్’ అనే ఎర్రర్ దేనికి?

ఒకే ట్రాన్సాక్షన్‌లో ఎక్స్‌ఏ (ఒకటికి మించిన డేటాబేస్‌లను ఒకే ట్రాన్సాక్షన్‌గా ముగించే పద్ధతి) కాని డేటాసోర్స్‌లు రెండు వాడారు. ముందు అవి రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండాలా అని ఆలోచించండి, చాలాసార్లు అవసరం ఉండదు. ఉండాల్సిందే అయితే ఎక్స్‌ఏ డేటాసోర్స్‌లకు మారండి. ఎర్రర్‌ని నొక్కిపెట్టే సెట్టింగ్ జోలికి మాత్రం పోకండి, ఒకటి కమిట్ అయి ఇంకోటి రోల్‌బ్యాక్ అయితే డేటా సరిచేయడం మీ మీదే పడుతుంది.

పోస్ట్‌గ్రెస్‌తో ఎక్స్‌ఏ పెడితే కమిట్ దగ్గర ఫెయిల్ అవుతోంది, ఎందుకు?

పోస్ట్‌గ్రెస్‌లో ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్ల గరిష్ఠ సంఖ్య డిఫాల్ట్‌గా 0. దాన్ని పెంచి డేటాబేస్‌ని రీస్టార్ట్ చేయాలి. వైల్డ్‌ఫ్లైలో ప్రతి నోడ్‌కు వేరే నోడ్ ఐడెంటిఫైయర్ ఇవ్వండి. కంటెయినర్లలో నడుపుతుంటే ట్రాన్సాక్షన్ లాగ్‌లను కంటెయినర్‌తోపాటు పోని చోట దాచండి. ఆ లాగ్ పోతే, సగంలో ఆగిన ట్రాన్సాక్షన్‌ని ముగించాల్సింది ఎవరో ఎవరికీ తెలియదు, అది పట్టుకున్న లాక్‌లు అలాగే ఉండిపోతాయి.

జకార్తా ఈఈకి (జావా ఈఈకి కొత్త పేరు) మారాక డేటాసోర్స్ కోడ్ కంపైల్ అవ్వట్లేదు. ఏం తప్పు?

అన్ని ‘జావాఎక్స్’లనూ ఒకేసారి ‘జకార్తా’గా మార్చేసి ఉంటారు. జకార్తా ఈఈ 9తో మారినవి ఎంటర్‌ప్రైజ్ ప్యాకేజీలే. ‘జావాఎక్స్.ఎస్‌క్యూఎల్’ జావా ఎస్‌ఈలో భాగం, అది మారలేదు. ‘జావాఎక్స్.ట్రాన్సాక్షన్.ఎక్స్‌ఏ’ కూడా మారలేదు. ఆ రెండింటినీ పాత పేరుకే తిప్పండి.

జావా అప్‌డేట్ చేశాం, లేదా డ్రైవర్ మార్చాం. అంతే, ఎన్‌క్రిప్షన్ ఎర్రర్లు మొదలయ్యాయి?

2021 ఏప్రిల్ అప్‌డేట్‌లలో, అంటే 8లో 291, 11లో 11.0.11 నుంచి, జావా టీఎల్‌ఎస్ 1.0, 1.1లను డిఫాల్ట్‌గా ఆపేసింది. పాత డేటాబేస్ అవే మాట్లాడుతుంటే కనెక్షన్ తెగుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ డ్రైవర్ 10.2 నుంచి ఎన్‌క్రిప్షన్ డిఫాల్ట్‌గా ఆన్ అయింది, అందుకే సర్టిఫికెట్ నమ్మదగినది కాదనే ‘పీకేఐఎక్స్’ ఎర్రర్ వస్తుంది. సర్టిఫికెట్‌ని ట్రస్ట్‌స్టోర్‌లో (జావా నమ్మే సర్టిఫికెట్లు ఉండే ఫైల్‌లో) చేర్చడమే దీనికి పరిష్కారం. పోస్ట్‌గ్రెస్ ‘ఆథెంటికేషన్ టైప్ 10’ తెలియదంటే డ్రైవర్ పాతది, 42.2.0 లేదా ఆ తర్వాతి వెర్షన్‌కు మారండి.